దీనికి అర్థమేమి?

(ఒడిశాలోని గుణుపురంలో, శ్రమకాలపు (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలపు) శుక్రవారం సాయంకాల కూటంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

సంఘ కాపరి అయ్యగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం వారికి, ఈ సాయంకాలం పనులు ముగించుకుని వచ్చిన తల్లులకు, తండ్రులకు, యౌవనస్థులకు ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనములు. కొండ మీది గ్రామాల నుండి నడిచి వచ్చిన సవర సహోదరులకు, ఒడియా సంఘం నుండి వచ్చిన స్నేహితులకు ప్రత్యేకంగా వందనములు చెబుతున్నాను. నేను తెలుగులోనే మాట్లాడతాను. మన ఊళ్ళో ఒకరి భాష ఒకరికి కొత్త కాదు గనుక మీరు నన్ను మన్నిస్తారని నమ్ముతున్నాను.

ఇప్పుడు మనం యెషయా గ్రంథం 58వ అధ్యాయం విన్నాము. అక్కడ ప్రజలు దేవుణ్ణి ఒక ప్రశ్న అడుగుతున్నారు. మేము ఉపవాసం ఉన్నాము గదా, నీవెందుకు చూడలేదు, మమ్మల్ని మేము కష్టపెట్టుకున్నాము గదా, నీవెందుకు లక్ష్యపెట్టలేదు అని వారు నిజంగానే బాధపడి అడుగుతున్నారు. వారు నాస్తికులు కారు, మందిరానికి దూరమైన వారూ కారు. ప్రతిదినం దేవుణ్ణి వెదకుతున్నారనీ, ఆయన మార్గాలు తెలుసుకోవాలని ఇష్టపడుతున్నారనీ ఆ అధ్యాయమే చెబుతున్నది. అయినా దేవుడు వారికిచ్చిన జవాబు కఠినంగా ఉంది. మీ ఉపవాస దినాన మీరు మీ వ్యాపారమే చేసుకుంటున్నారు, మీ పనివారి చేత కఠినమైన పని చేయిస్తున్నారు, అటువంటి ఉపవాసం నేను కోరినదా అని ఆయన అడుగుతున్నాడు. దేవుడు కోరిన ఉపవాసం ఏదో కూడా అక్కడే ఉంది: కట్లు విప్పడం, కాడి మాను మోకులు తీయడం, ఆకలిగొన్నవానికి ఆహారం పెట్టడం, దిక్కులేనివానిని ఇంట చేర్చుకోవడం.

నేను ఈ అధ్యాయాన్ని ఇదే బల్ల దగ్గర నిలబడి చాలా సంవత్సరాలు చదివాను. స్పష్టంగా, తప్పు లేకుండా చదివేవాణ్ణి. బడిపంతులును గనుక ఉచ్చారణ బాగుంటుందని పెద్దలు నాకే ఆ పని అప్పగించేవారు. ఆ వాక్యం నన్ను అడుగుతున్నదని మాత్రం నాకు చాలా కాలం తెలియలేదు. అది ఎలా తెలిసిందో మీకు చెప్పవలసి ఉంది. దాచుకోవాలనే అనిపించే సంగతి అది. కానీ దానిని దాచి నామకార్థ విశ్వాసం గురించి మీకు బోధించే హక్కు నాకు లేదు.

కొన్నేళ్ళ క్రితం వరకు నేను ఒక సంఘానికి కార్యదర్శిగా 14 సంవత్సరాలు పనిచేశాను. రిజిస్టరు, రసీదు పుస్తకం, సమాధుల తోట తాళం నా దగ్గర ఉండేవి. చందా బకాయి ఉన్న కుటుంబంలో ఎవరైనా కన్నుమూస్తే బకాయి చెల్లించిన తరువాతే సమాధుల తోట తాళం తీయాలని ఆ సంఘంలో ఒక నియమం ఉండేది. ఆ నియమం నేను పెట్టింది కాదు, నాకన్న ముందు నుండీ ఉన్నదే. ఒక వేసవిలో ఒక విధవరాలు ప్రభువునందు నిద్రించింది. ఇళ్ళలో పని చేసుకుని బ్రతికిన మనిషి. చివరి నాలుగేళ్ళు మంచం పట్టడం వల్ల చందా కట్టలేకపోయింది. నెలకు 5 రూపాయల చొప్పున నాలుగు సంవత్సరాలకు 240 రూపాయలు. ఆమె కొడుకు బియ్యం మిల్లులో హమాలీ. అప్పట్లో అతని కూలి రోజుకు 20 రూపాయలు. పొద్దున్న ఎనిమిది గంటలకు అతను తాళం కోసం మా ఇంటికి వచ్చాడు. నేను రిజిస్టరు తీసి చూపించాను. అతను ఒక్క మాట కూడా వాదించలేదు. తిరిగి వెళ్ళి, తల్లి కాళ్ళ వెండి కడియాలు తీసి బజారులో తాకట్టు పెట్టి, మిట్టమధ్యాహ్నం డబ్బుతో వచ్చాడు. నేను లెక్కపెట్టుకుని, రసీదు రాసి, సంతకం పెట్టి ఇచ్చి, అప్పుడు తాళం తీశాను. సాయంకాలం భూస్థాపన ఆరాధనలో అందరితో పాటు నేను కూడా తల వంచి, కళ్ళు మూసుకుని ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పాను.

ఆ ప్రార్థనలో ఐదవ మనవి ఏమిటో మీకు తెలుసు. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము." పొద్దున్న బకాయి అడిగిన నోటితోనే సాయంకాలం ఆ మాట అన్నాను. నా గొంతు తడబడలేదు.

మన సంఘాలలో పిల్లలకు జర్మనీ సంఘ సంస్కర్త మార్టిన్ లూథరు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిని నేర్పుతారు. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన అందులో వరుసగా ఉంటాయి. ప్రతి మాట తరువాత ఒక ప్రశ్న వస్తుంది: దీనికి అర్థమేమి? లూథరు ఆ పుస్తకాన్ని ఊరికే రాయలేదు. అంతకు ముందు ఆయన సాక్సనీ ప్రాంతపు పల్లె సంఘాలను తిరిగి చూశాడు. అక్కడ బాప్తిస్మం పొంది, ప్రభువు బల్లలో పాలుపొందుతూ కూడా తాము చెప్పే ప్రార్థన ఏమిటో ఎరుగని జనాన్ని చూసి దుఃఖపడ్డాడు. అందుకే ఇంటి యజమాని తన పిల్లలను కూర్చోబెట్టుకుని అడగడానికి వీలుగా ఆ ప్రశ్నను ప్రతి వాక్యం పక్కన పెట్టాడు. కాలక్రమంలో మనం ఏమి చేశామంటే, ఆ ప్రశ్నను, దాని జవాబును కూడా కంఠస్థం చేసేశాము. నేను సండే స్కూలులో ఎందరో పిల్లల చేత దానిని వల్లె వేయించాను. తప్పు లేకుండా చెప్పినవారికి బహుమానాలు ఇచ్చాను. అర్థమేమి అని అడిగే ప్రశ్నకే అర్థం లేకుండా పోయిన తరువాత, మనిషిని మేలుకొలపడానికి ఇంకేమి మిగులుతుంది?

నామకార్థ క్రైస్తవ్యం అనే మాట మనం తరచుగా వింటాము. ఆ మాట వినగానే క్రిస్మసుకు, ఈస్టరుకు మాత్రమే మందిరానికి వచ్చేవారిని తలచుకుంటాము. వారిని గురించి నేను మాట్లాడడం లేదు. ప్రతి ఆదివారం వచ్చి, కానుక సంచిలో కానుక వేసి, ఎన్నో కీర్తనలు పుస్తకం చూడకుండా పాడి, కమిటీలో కూర్చుని, శుక్రవారం ఉపవాసం ఉండేవారిని గురించి, అంటే నావంటి వారిని గురించి మాట్లాడుతున్నాను. పక్కనున్న గజపతి జిల్లాలో 2011 జనగణన ప్రకారం నూటికి సుమారు 38 మంది క్రైస్తవులు. మన రాష్ట్రంలో ఇంత పెద్ద వంతు మరెక్కడా లేదు. లెక్క రాసేవాడు మతం గడిలో మన ఇంటి పేరు మీద ఒక గుర్తు పెట్టి వెళ్ళిపోతాడు. ఆ గుర్తు మన తాతల నమ్మకానికి దొరికినది. మన నమ్మకాన్ని అడిగే గడి ఏ కాగితంలోనూ లేదు.

ఆ తాతల సంగతి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే మన సంఘాలు పుట్టినదే ఎండిపోయిన మతాచారం మీద విసిగిన మనుషుల వల్ల. 1517లో లూథరు ప్రకటించిన 95 సిద్ధాంతాలలో మొట్టమొదటిదే, మారుమనస్సు పొందండి అని ప్రభువు అన్నప్పుడు విశ్వాసి జీవితమంతా మారుమనస్సుగా ఉండాలని ఆయన ఉద్దేశించాడు అని చెబుతుంది. ఆ రోజుల్లో పాపానికి పడవలసిన శిక్ష నుండి విడుదల అని చెప్పి పత్రాలు అమ్మేవారు. అచ్చుయంత్రం వచ్చిన తొలినాళ్ళలోనే, 1454, 1455 ప్రాంతంలో, జర్మనీలోని మైన్జు నగరంలో అటువంటి పత్రాలు అచ్చయ్యాయి. విషయమంతా ముందుగానే అచ్చు వేసి, కొనుక్కునేవాని పేరుకు, తేదీకి మాత్రం ఖాళీ జాగా వదిలేవారు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసేశాను. నా బల్ల సొరుగులోని రసీదు పుస్తకం కూడా అలాంటిదే. అందులోనూ మాటలన్నీ ముందే అచ్చయి ఉంటాయి, పేరుకు, తేదీకి ఖాళీ ఉంటుంది.

లూథరు పోయిన నూరేళ్ళకు పైగా గడిచాక ఆయన పేరు పెట్టుకున్న సంఘమే ఎండిపోయింది. ఉపదేశం శుద్ధంగా ఉంది, వాదాలు గట్టిగా ఉన్నాయి, జనం ఆరాధనకు వచ్చి వెళ్ళిపోతున్నారు. అప్పుడు ఫ్రాంక్‌ఫర్టులో కాపరిగా ఉన్న స్పేనరు 1675లో ఒక చిన్న గ్రంథం రాసి, క్రైస్తవ్యం తెలుసుకోవడంతో సరిపోదు, ఆచరణలో ఉండాలి అని చెప్పాడు. ఇళ్ళలో కొద్దిమంది కూడి వాక్యం చదవాలని, సామాన్య విశ్వాసులు కూడా యాజక ధర్మం కలవారేనని గుర్తుచేశాడు. ఆ ఉజ్జీవం హాలే నగరానికి పాకింది. హాలేలో తయారైన జీగెన్‌బాల్గు 1706లో తమిళ తీరంలోని తరంగంబాడిలో ఓడ దిగాడు. అతని వెనుక వచ్చిన షుల్జు బైబిలును తెలుగు చేయడానికి పూనుకున్నాడు. అదే తరహా భక్తి ఉద్యమం పట్టిన ఉత్తర జర్మనీలో, బ్రెక్లుం అనే చిన్న ఊళ్ళో, క్రిస్టియన్ యెన్సెన్ అనే కాపరి 1876లో ఒక మిషన్ స్థాపించాడు. అక్కడి నుండి మొదటి మిషనరీలు 1882లో మన పక్కనున్న జయపూరు సంస్థానం వైపు వచ్చి కోరాపుట్టు, సాలూరు ప్రాంతాలలో పని మొదలుపెట్టారు. పర్లాకిమిడి వైపు నుండి కెనడా బాప్తిస్టు మిషనరీలు సవర కొండలెక్కారు. మలేరియాకు వారిలో కొందరు ఈ మట్టిలోనే కలిసిపోయారు. వారి మాట నమ్మిన మన పెద్దలు అంతకన్న ఎక్కువే కోల్పోయారు. కొందరికి బంధువుల ఇళ్ళ తలుపులు మూసుకున్నాయి, కొందరికి పెళ్ళిసంబంధాలు తప్పిపోయాయి. మనకు మాత్రం అదంతా పుట్టుకతోనే దొరికింది. ఖర్చు పెట్టకుండా దొరికినది కావడం వల్లనే దాని వెల మనకు తెలియడం లేదని నా నమ్మకం.

అయితే ఒక మాట. ఆచారాలను తీసిపారేస్తే విశ్వాసం దానంతటదే వస్తుందని నేను అనుకోవడం లేదు. మా నాయనమ్మకు చదువు రాదు. ఆమెకు వచ్చినవి ప్రభువు ప్రార్థన, ఇరవై మూడవ కీర్తన, మరి నాలుగు పాటలు మాత్రమే. పొయ్యి రాజేసేటప్పుడు, చోళ్ళు విసిరేటప్పుడు, రాత్రి దీపం తగ్గించేటప్పుడు అవే మాటలు. జీవితమంతా ఒకే మాటలు. అయినా అవి ఆమె నోట ఒక్కసారి కూడా ఎండిపోలేదు, ఎందుకంటే మా తాత తాగి వచ్చి కొట్టిన రాత్రి కూడా ఆమె అవే మాటలు దేవునితో అన్నది, ఆకలి ఉన్న ఇంటికి రాత్రివేళ గంజి తీసుకుపోతూ అవే మాటలు అనుకున్నది. ఒకే మాట పదివేలసార్లు చెప్పడం వల్ల అది చావదు.

సంఖ్యాకాండం 21వ అధ్యాయంలో మోషే చేసిన ఇత్తడి సర్పం సంగతి ఉంది. అది దేవుడు చేయమన్నదే, దానిని చూసినవారు బ్రతికారు. కొన్ని వందల సంవత్సరాల తరువాత, రెండవ రాజుల గ్రంథం 18వ అధ్యాయంలో, హిజ్కియా రాజు దానిని ముక్కలు చేశాడని చదువుతాము, ఎందుకంటే అప్పటికి ఇశ్రాయేలీయులు దానికే ధూపం వేస్తున్నారు. ఒకప్పుడు దేవుడు బ్రతికించడానికి ఇచ్చిన వస్తువే దేవునికి అడ్డం నిలిచింది. సర్పం మారలేదు, చూసేవారి చూపు ఆగిపోయింది. దానిని చూసి దాని వెనుకనున్న దేవుని వైపు తిరగవలసిన కన్ను ఇత్తడి దగ్గరే నిలిచిపోయింది. నా రిజిస్టరు నాకు అటువంటిదే అయింది. సంఘాన్ని పోషించడానికి పుట్టిన చందా, సంఘంలోని అతి బీదరాలి శవాన్ని ఎండలో ఆపింది.

కొత్తగా వచ్చిన కూటాలకు పోయి, అక్కడ గట్టిగా చప్పట్లు కొట్టి, కన్నీళ్ళు కార్చి, ఇదే నిజమైన భక్తి, మీ పాత సంఘం చచ్చిపోయింది అని చెప్పే మన పిల్లలను నేను తప్పుపట్టను. వారి దాహం నిజమైనది. కానీ చప్పట్లు కూడా అలవాటు కాగలవు, కన్నీళ్ళు కూడా వేళకు రావడం నేర్చుకుంటాయి. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన ఇంగ్లండువాడు జాన్ వెస్లీ సంగతి చూడండి. 1738 నాటికి ఆయన పదేళ్ళుగా అభిషిక్తుడైన యాజకుడు. ఆ సంవత్సరం మే 24న లండనులో ఒక చిన్న కూటంలో, రోమా పత్రికకు లూథరు రాసిన ముందుమాట చదువుతుండగా విని, తన హృదయం వెచ్చబడిందని రాసుకున్నాడు. చాలామంది ఆ వెచ్చదనం దగ్గరే ఆగిపోయి ఆయనను తలచుకుంటారు. మరుసటి సంవత్సరం ఆయన గుడి విడిచి బయటికి వెళ్ళి, బ్రిస్టలు దగ్గర బొగ్గు గని కూలీల మధ్య ఆరుబయట నిలబడి ప్రకటించాడు. 1791లో, చనిపోవడానికి కొద్ది రోజుల ముందు, బానిస వ్యాపారాన్ని ఎదిరించమని బ్రిటిషు పార్లమెంటు సభ్యుడైన విల్బర్‌ఫోర్సుకు ఉత్తరం రాశాడు. ఆ వెచ్చదనం 53 ఏళ్ళు నిలిచి, చివరికి ఎవరి కోసం ఖర్చయిందో చూడండి.

ఇక మన సంత సంగతికి వస్తాను. ఆమోసు ప్రవక్త తెకోవ ఊరి గొర్రెల కాపరి. అతని కాలంలో ఇశ్రాయేలు దేశం బాగా బలిసి ఉంది, బేతేలులో ఆరాధనలు ఘనంగా జరుగుతున్నాయి. మీ పండుగలను నేను అసహ్యించుకుంటున్నాను, మీ పాటల ధ్వని నా యెదుట నుండి తొలగించండి, న్యాయం నీళ్ళలా పారనియ్యండి అని దేవుడు చెప్పిన మాట అతని గ్రంథం ఐదవ అధ్యాయంలో ఉంది. అది మనమందరం విన్నదే. ఎనిమిదవ అధ్యాయాన్ని మనం అంతగా చదవము. విశ్రాంతి దినం ఎప్పుడు అయిపోతుంది, మనం గోదుమలు ఎప్పుడు అమ్ముకుంటాము అని మందిరంలో కూర్చుని ఆలోచించే వర్తకుల గురించి అక్కడ ఉంది. కొలత చిన్నది చేసి, తూనికరాయి పెద్దది చేసి, దొంగ త్రాసు పెట్టి, చెప్పుల జోడుకు బీదవారిని కొనేవారు వారు. వారు విశ్రాంతి దినాన్ని మీరలేదు. దుకాణం మూసి, మందిరానికి వచ్చి, పాటలు పాడారు. ఆరాధన సాగుతున్నంతసేపూ వారి మనస్సు త్రాసు దగ్గర ఉంది, అంతే.

మన సంతకు కొండ నుండి సవర అక్కలు, చెల్లెళ్ళు చింతపండు, జీడిపిక్కలు, పసుపు, కొండచీపుళ్ళు నెత్తిన పెట్టుకుని దిగుతారు. తెల్లవారకముందే బయలుదేరి, సంత మొదట్లోనే ఎదురెళ్ళి గంప దించేసుకునే వర్తకుని చేతిలో పడతారు. ఆ గంప తూచేటప్పుడు త్రాసు ఎటు వంగుతుందో ఈ గదిలో కూర్చున్నవారిలో కొందరికి నాకన్న బాగా తెలుసు. ఎవరి పేరూ నేను చెప్పను. పాతకాలంలో కుంచాలు, మానికలతో కొలిచేటప్పుడు అడుగున మైనం రాసేవారని మా తండ్రి చెప్పేవాడు. ఇప్పుడు కాటా వచ్చింది, దానికి కూడా ఉపాయం కనిపెట్టారు. మనలో ఒకరు ఆదివారం బల్లారాధనలో ఆ సవర చెల్లెలి పక్కన మోకాళ్ళూని, అదే రొట్టె, అదే పాత్ర తీసుకుని, సంత రోజున ఆమె గంపలో రెండు కిలోలు తగ్గించి రాసుకుంటే, ఆ రొట్టెకు అర్థమేమి? మన హిందూ పొరుగువారు మన కీర్తనలను వినడానికి రారు. వారు మన కాటాను ప్రతి వారం చూస్తున్నారు.

ఈ మాటకు ఆ వర్తకుడు తల వంచుకోవచ్చు. కానీ సంతలో త్రాసు లేని నేను మందిరంలో రిజిస్టరు పట్టుకుని అంతకన్న పెద్ద తూకం తప్పు చేశాను గనుక, అతని కన్న నేను మంచివాణ్ణని చెప్పుకోలేను.

పర్లాకిమిడి మనకు దగ్గర. ఆ ఊళ్ళో గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో ఉపాధ్యాయుడిగా చేరి, ఆ బ్రతుకంతా రెండు పనులకు పెట్టారు. ఒకటి, ఎవరూ పట్టించుకోని సవర భాషను నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాయడం. రెండు, పుస్తకాలలో మాత్రమే ఉండి ఎవరి నోటా లేని తెలుగు పిల్లల మీద రుద్దకూడదని పోరాడడం. ఆయన క్రైస్తవుడు కాడు, నేను చెబుతున్న సంగతి కోసం ఆయన పోరాడలేదు. అయినా ఒక బడిపంతులుగా ఆయన నుండి నేను నేర్చుకున్నది నా ప్రార్థనకు అక్కరకు వచ్చింది. మన తెలుగు బైబిలు భాష గంభీరమైనది, దానిని నేను ప్రేమిస్తాను. కానీ ఋణస్థులు అనే మాట నా ఇంట్లో ఎవరూ అనరు. మేము బాకీ అంటాము, బకాయి అంటాము, అప్పు పడ్డాడు అంటాము. మాకు బాకీ ఉన్నవాళ్ళను మేము వదిలేసినట్టే మా బాకీ కూడా వదిలేయి తండ్రీ అని ఆ సాయంకాలం సమాధి దగ్గర నా ఇంటి తెలుగులో ఒక్కసారి చెప్పి ఉంటే, ఆ మాట నా గొంతులో అడ్డం పడేది. పెద్ద మాట చాటున నేను దాగుకున్నాను. దేవునితో మన మాటల్లో మాట్లాడితే దాగుకోవడానికి చోటుండదు. మన సవర సహోదరులు వారి భాషలో ప్రార్థన చేస్తుంటే అర్థం కాలేదని మనలో కొందరు విసుక్కుంటారు. వారు దేవునితో తమ ఇంటి మాటతో మాట్లాడుతున్నారు, మనం చాలాసార్లు పక్కవాడు వినాలని మాట్లాడుతున్నాము.

ఇప్పుడు నేను మొదలుపెట్టిన సంగతి ముగించాలి. పద్నాలుగేళ్ళ తరువాత పదవి విడిచి, కొత్త కార్యదర్శికి పుస్తకాలన్నీ అప్పగించేటప్పుడు లెక్కలు తనిఖీ చేశారు. ఒక్క రూపాయి తేడా రాలేదు. అందరూ మెచ్చుకున్నారు. ఆ రాత్రి పాత రసీదు పుస్తకాల అడుగు భాగాలను కట్ట కడుతుంటే ఒక కాగితం కంటబడింది. నా చేతిరాతే. ఆ తల్లి పేరు, 240 రూపాయలు, బాబతు బకాయి చందా. తేదీ చూస్తే భూస్థాపన జరిగిన తేదీ. మత్తయి 18వ అధ్యాయంలోని దాసుడు గుర్తుకు వచ్చాడు. పదివేల తలాంతుల అప్పు మన్నింపు పొంది, బయటికి వచ్చి, నూరు దేనారాల కోసం తోటి దాసుని గొంతు పట్టుకున్నవాడు. ఒక దేనారం ఒక రోజు కూలి. ఒక తలాంతు సుమారు 6,000 దేనారాలు. అంటే వాడికి మాఫీ అయినది 6 కోట్ల రోజుల కూలి, వాడు వసూలు చేయబోయినది నూరు రోజుల కూలి. నేను వసూలు చేసినది పన్నెండు రోజుల కూలి. నేను ఎన్నిసార్లు ఆ ఉపమానం మీద వాక్యం చెప్పానో ఆ రాత్రి లెక్కపెట్టలేకపోయాను. నా లెక్కలలో ఒక్క రూపాయి తేడా లేదు, నా ప్రార్థనలో మాత్రం ఒక్క మాట కూడా నిజం కాలేదని ఆ కాగితం నాతో చెప్పింది. దీనికి అర్థమేమి అనే ప్రశ్న జీవితంలో మొదటిసారి నన్ను అడిగినట్టు వినబడింది.

సువార్తలోని సుంకరి జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇస్తానన్న మాట తలచుకుని, 1,000 రూపాయలు తీసుకుని మరునాడు ఆ కొడుకు ఇంటికి వెళ్ళాను. అతనికి అప్పటికే తల నెరిసింది. నన్ను చూసి లేచి నిలబడి, "కూర్చోండి మాస్టారూ" అని పీట వేశాడు. నేను వచ్చిన పని చెప్పి, తప్పు నాదేనని ఒప్పుకుని డబ్బు చేతికిచ్చాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తరువాత 240 రూపాయలు లెక్కపెట్టి తీసుకుని, మిగిలినది నా పక్కన పెట్టాడు. "కడియాలు విడిపించలేకపోయాను మాస్టారూ, వడ్డీ కట్టలేక వేలంలో పోయాయి. మా అమ్మ వాటిని మనవరాలి పెళ్ళికి దాచుకుంది" అన్నాడు. వెళ్ళడానికి లేచేటప్పుడు, "రసీదు ఇవ్వాలా మాస్టారూ?" అని అడిగాడు. ఎగతాళిగా అడగలేదు. మా దగ్గర అతను నేర్చుకున్న పద్ధతి అది. నేను ఆ గడపలోనే కూలబడి ఏడ్చాను. అతను మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

క్షమించాను అని అతను నాతో అనలేదు. నేను అడిగే ధైర్యం కూడా చేయలేదు. అతను ఇప్పటికీ ఆదివారం మందిరానికి రాడు, అతని భార్య వస్తుంది. కానీ మన పేటలో ఏ మతంవారి ఇంట్లో చావు జరిగినా పలుగు, పార పట్టుకుని మొదట వచ్చేది అతనే, మట్టి కప్పాక ఎవరి దగ్గరా ఒక్క పైసా తీసుకోడు. ఆ సంఘంలో చందాకు, సమాధుల తోటకు ఉన్న ముడి తెంచడానికి నాకు రెండేళ్ళు పట్టింది. కమిటీలో నాతో వాదించినవారు చెడ్డవారు కారు. నియమం పోతే ఎవరూ చందా కట్టరేమోనని భయపడ్డారు. నియమం పోయింది, చందా తగ్గలేదు. అయినా తగ్గి ఉంటే నేను చింతించి ఉండేవాణ్ణి కాదు.

మీ ఇంట్లో, మీ దుకాణంలో, మీ అన్నదమ్ముల మధ్య, మీ రిజిస్టరులో అటువంటి కాగితం ఏది ఉందో నాకు తెలియదు. పొలం గట్టు కావచ్చు, కోడలికి చెప్పిన మాట కావచ్చు, పనివానికి ఇవ్వని కూలి కావచ్చు. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి, ముందు వెళ్ళి నీ సహోదరునితో సమాధానపడు అని ప్రభువు చెప్పినప్పుడు, అర్పణ తరువాత కూడా వేచి ఉంటుందని ఆయనకు తెలుసు. రేపు కాక ఎల్లుండి ఆదివారం బల్లారాధన ఉంది. మధ్యలో ఒక పగలు, రెండు రాత్రులు ఉన్నాయి.

ఇప్పుడు మనం నిలబడి ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పుకుందాము. ఒక మనవి చేస్తున్నాను. అందరం ఒకే గొంతుతో, ఒకే వేగంతో చెప్పవద్దు. సవరవారు సవరలో, ఒడియావారు ఒడియాలో, మనం మన ఇంటి తెలుగులో, ఎవరికి వచ్చిన మాటల్లో వారు మెల్లగా చెబుదాము. ఐదవ మనవి దగ్గరకు వచ్చినప్పుడు నేను ఆగుతాను, మీరు కూడా ఆగండి. ఎవరి ముఖం గుర్తుకు వస్తే ఆ పేరు తండ్రితో చెప్పండి. ముఖం గుర్తుకు వచ్చి, ఇక్కడ నిలబడి ప్రార్థన పూర్తి చేయలేమనుకున్నవారు తలుపు తీసుకుని వెళ్ళవచ్చు, ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. అయ్యగారు దీపం వెలుగుతూనే ఉంచుతామన్నారు.

పరలోకమందున్న మా తండ్రీ.